దీపములోని భూతము, చెట్టుమీది బేతాళుడు



నేను ముచ్చటింపదలచిన విషయము పైకి పిల్లల విషయమువలె కనిపించును. భూతములు, బేతాళులు, యక్షులు, జిన్నులు, వీరిని గూర్చిన కథలు మనలో ఎట్లు పుట్టినవి, ఏ దేశపు కథలతో చుట్టరికము కలుపుకొన్నవి, నేటి యువతీయువకుల చేతికి ఏ రూపమున వచ్చుచున్నవి అనునదే నా ప్రసంగము. అరువది యేండ్లు దాటి బడిపని నుండి విరమించినవానికి దయ్యముల కథలతో ఏమి పని యని మీకు తోచవచ్చును. పని కలదు. ఈ విషయమున నేనొక తప్పు చేసితిని. దానిని ఒప్పుకొనక ఈ చరిత్ర చెప్పుటకు నాకు నోరు రాదు.

1986వ సంవత్సరపు మాట. సంస్కృత పాఠశాలలో పంచకావ్యములును లఘుకౌముదియు ముగించి, తెలుగు పండితుడనై, కోనసీమలో గోదావరి పాయల నడుమనున్న ఒక లంకగ్రామపు ఉన్నత పాఠశాలలో చేరి కొలదికాలమైనది. ప్రాయము చిన్నది, పాండిత్యాభిమానము పెద్దది. నేను సంధిసూత్రములు చెప్పుచుండగా వెనుక వరుస పిల్లలు వ్యాకరణ పుస్తకము మాటున ‘చందమామ’ను పెట్టుకొని బేతాళకథలు చదువుచుండెడివారు. దయ్యముల కథలు చదివిన పిల్లవానికి పిరికితనమును పగటికలలును తప్ప మరేమియు అబ్బదని ఊరి పెద్దలు అనుచుండెడివారు. నేనును అట్లే నమ్మితిని. దసరా మొదలు సంక్రాంతి వరకు నేను పిల్లలయొద్ద లాగికొన్న పుస్తకములు ఒక కట్ట అయినవి. భోగినాటి తెల్లవారుజామున ఊరివారు ఎండు కొబ్బరిమట్టలు, చివికిన తట్టలు, విరిగిన పీటలు తెచ్చి మంటలో వేయుచుండగా, నేనా కట్టను తెచ్చి పిల్లలందరు చూచుచుండగానే అందులో వేసితిని. పాత సామానులతో పాటు పాడుబుద్ధులును కాలవలెనని రెండు మాటలు గూడ చెప్పితిని. పెద్దలు మెచ్చుకొనిరి.

సెలవులు ముగిసి బడి తెరచిన కొన్నాళ్లకే పాఠమున గుణాఢ్యుని ప్రసక్తి వచ్చెను. ఆ కథ నాకు మిక్కిలి ఇష్టము. అందుచే విస్తరించి చెప్పితిని. మీకును చెప్పెదను, మన అద్భుతకథల చరిత్ర అచ్చటనే ఆరంభమగుచున్నది.

సాతవాహన రాజొకడు జలక్రీడలో రాణిమీద నీరు చల్లుచుండగా ఆమె ‘మోదకైః’ అనెను. ‘మా ఉదకైః’, అనగా నీళ్లతో కొట్టవలదని ఆమె భావము. సంధి నెరుగని రాజు కుడుములు తెప్పించెను. అందరును నవ్విరి. రాజు సిగ్గుపడి సంస్కృతము నేర్వదలచెను. ఆస్థానపండితుడైన గుణాఢ్యుడు ఆరేండ్లు పట్టుననెను. శర్వవర్మ యనువాడు ఆరు నెలలు చాలుననెను. అట్లు జరిగినచో సంస్కృతము, ప్రాకృతము, దేశభాష మూడింటిని విడిచెదనని గుణాఢ్యుడు పంతము పట్టి ఓడిపోయెను. మాట చెల్లించుకొని, మౌనియై, వింధ్యారణ్యమునకు పోయెను. అచ్చట కాణభూతి యను పిశాచము అతనికి విద్యాధరుల మహాకథలను పైశాచీభాషలో చెప్పెను. ఈ కాణభూతి శాపముచే పిశాచమైన యక్షుడు. అడవిలో సిరా లేనందున గుణాఢ్యుడు తన రక్తముతోనే ఏడేండ్లు ఏడు లక్షల శ్లోకములు వ్రాసెను. శిష్యులు దానిని రాజునొద్దకు తీసికొని పోగా, పిశాచభాష, రక్తపు వ్రాత యని రాజు త్రోసివేసెను. అంతట గుణాఢ్యుడు ఒక కొండమీద అగ్నికుండమును రగిల్చి, ఒక్కొక్క పత్రమునే చదివి మంటలో వేయసాగెను. అడవిమృగములు మేత మాని, కన్నీరు కార్చుచు చుట్టును నిలిచి వినెను. మేత లేని మృగముల మాంసము తిని రాజునకు జబ్బు చేసెను. కారణము విచారించి, పరుగున వచ్చి చూచునప్పటికి ఆరు లక్షలు బూడిదయైనవి. శిష్యుల ప్రీతికై గుణాఢ్యుడు ఉంచిన లక్ష శ్లోకములు, నరవాహనదత్తుని కథ, మాత్రమే మిగిలినవి.

ఈ వృత్తాంతమును సోమదేవభట్టు 11వ శతాబ్దమున కాశ్మీరదేశపు రాణి సూర్యమతి కొఱకు రచించిన కథాసరిత్సాగరమునందు చూడవచ్చును. గుణాఢ్యుని మూలగ్రంథము నేడు లేదు. ఆ కథలు సోమదేవుని గ్రంథమువలనను, క్షేమేంద్రుని బృహత్కథామంజరి మొదలగువాని వలనను మనకు దక్కినవి. వేదము వేంకటరాయశాస్త్రిగారు కథాసరిత్సాగరమును తెనుగు చేసిరి.

నేను కథ ముగించి, గ్రంథనాశము ఎంత పాపమో వర్ణించుచుండగా వెనుక వరుసలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి నిలువబడెను. భోగిమంటలో వేసిన కట్టలో అయిదు పుస్తకములు వానివి. “మాస్టారండీ, గుణాఢ్యుడు ఒక లక్షయినా ఉంచాడు కదండీ. మీరు నాకు ఒక్కటీ ఉంచలేదండీ” అనెను. వాడు వెక్కిరింపునకు అనలేదు. లెక్క అప్పగించినట్లు అప్పగించి కూర్చుండెను. నాకు సమాధానము తోచలేదు. గంట కొట్టువరకు నల్లబల్లవైపు తిరిగి ఏదో వ్రాయుచు నిలిచితిని.

ఆనాటినుండి ఈ కథల పుట్టుపూర్వోత్తరములను వెదకుచున్నాను. నాకు దొరికిన దిది.

మొదట గమనింపవలసినది, గుణాఢ్యుని కథలో కథకుడే పిశాచమగుట. రాజసభకు తెలియని కథ అడవిలోని పిశాచమునకు తెలియును. మన పూర్వులు భూతమును భయపెట్టు వస్తువుగా మాత్రమే చూడలేదు. తెలిసినదానినిగా, చెప్పగలదానినిగా, అంతకుమించి అడుగగలదానినిగా చూచిరి. మహాభారతమున అరణ్యవాసము తుదిని కొలనియొద్ద యక్షుడు ధర్మరాజును ప్రశ్నలడుగుట మీ రెరుగుదురు. తెనుగున ఆ ఘట్టము 14వ శతాబ్దపు ఎఱ్ఱన పూరించిన భాగములోనిది. దాహము తొందరపెట్టగా ప్రశ్నను లెక్కసేయక నీరు త్రాగిన తమ్ములు నలుగురును పడిపోయిరి. నిలిచి సమాధానము చెప్పిన అన్నగారు నలుగురిని బ్రదికించుకొనెను. ఈ యక్షుడే మన అద్భుతకథలలోని అతిమానుషుల కందరకు పెద్దన్న యని నా తలంపు.

పిమ్మట బేతాళుడు. ఆ కథలు కథాసరిత్సాగరములోను ఉన్నవి. అందు రాజు పేరు త్రివిక్రమసేనుడు. పట్టణము గోదావరీతీరమందలి ప్రతిష్ఠానము. కనుక బేతాళుడు మన గోదావరి ఎగువ ఒడ్డువాడే! క్షాంతిశీలుడను భిక్షువు రాజునకు దినమునకొక పండు కానుక ఇచ్చుచుండెను. ఒకనాడు కోతి ఆ పండును కొరుకగా లోపలినుండి రత్నము బయటపడెను. ఇన్నాళ్లు ఇంత కానుక యిచ్చినవాడు కోరిన కోరికను రాజు కాదనలేకపోయెను. ఆ కోరిక, శ్మశానములోని చెట్టున వ్రేలాడు శవమును మోసికొని వచ్చుట. శవములోని బేతాళుడు దారిపొడవున కథ చెప్పి, తుదిని ప్రశ్న వేయును. తెలిసి చెప్పకున్న రాజు తల పగులును. నోరు తెరచి చెప్పినచో మౌనము చెడి, బేతాళుడు మరల చెట్టెక్కును. కడపటి ప్రశ్నకు రాజునకు నిజముగనే సమాధానము తెలియలేదు. మౌనముగా నడచెను. ఆ మౌనమునకు మెచ్చి బేతాళుడు భిక్షువు కపటమును బయటపెట్టెను. సాష్టాంగపడుమని భిక్షువు చెప్పునప్పుడు, ఎట్లు పడవలెనో నీవు చూపుమని రాజు అడుగవలెను. రాజట్లే చేసి, వంగిన భిక్షువు తలను నరికెను.

ఈ కథలోని శిక్షను ఆలోచింపుడు. తెలియకపోవుట తప్పు కాదు. తెలిసియు చెప్పకపోవుట తల పగులవలసిన తప్పు. మీలో పలువురు ఊరి తగవులు తీర్చినవారు. ఈ ధర్మము ఎంత బరువైనదో నాకంటె మీకే యెక్కువ తెలియును. ఆనాటి భోగిమంటయొద్దను, ఇది తగదని తెలిసియు మాటాడని పెద్ద లొకరిద్దరు ఉండియుందురని నేను తరువాత అనుకొంటిని. పదునాలుగేండ్ల బాలుడు మాత్రము లేచి మాటాడెను. వాడా గుణమును ఎచ్చట నేర్చెనో నాకు తెలియును. నేను కాల్చిన పుస్తకములలోనే నేర్చెను.

తెలుగు కవులు ఈ సంపదను చేజార్చుకొనలేదు. 13వ శతాబ్దమున కేతన దశకుమారచరిత్రమును తెనుగు చేసి తిక్కనకు అంకితమిచ్చెను. 15వ శతాబ్దమున కొఱవి గోపరాజు సింహాసనద్వాత్రింశిక రచించెను. భోజరాజు గద్దె నెక్కబోవగా 32 బొమ్మలు ఒక్కొక్కటే నిలువరించి విక్రమార్కుని కథ చెప్పి, అంతటి గుణము నీకు గలదా యని అడుగును. ఇచ్చటను అడుగుటయే. 16వ శతాబ్దమున పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరును కాళ్లకు పూసికొని క్షణములో హిమాలయమున వాలెను. మంచునీటికి పసరు కరగిపోగా తిరిగివచ్చు దారి పోయెను. అందిన మహిమ ఎంతలో కరగిపోవునో చూపుటకు ఇంతకంటె చక్కని యుదాహరణము లేదు. అదే శతాబ్దమున పింగళి సూరన కళాపూర్ణోదయములో సిద్ధులను, గంధర్వులను, పూర్వజన్మ రహస్యములను కలిపి తన సొంత కల్పనతో కథను అల్లెను.

ఇక దీపములోని భూతము సంగతి. ‘జిన్ను’ అరబ్బుల మాట. జిన్నులు పొగలేని అగ్నినుండి సృష్టింపబడినవని ఖురాను చెప్పుచున్నది. మనుష్యులలోవలెనే వారిలోను మంచివారును చెడ్డవారును గలరు. సులేమాను చక్రవర్తికి వారు లోబడియుండిరనియు, మాట వినని వారిని ఆయన రాగిపాత్రలలో పెట్టి, సీసముతో మూసి, తన ముద్ర వేసి సముద్రమున పారవైచెననియు అరబ్బులు చెప్పుకొనిరి. ‘వేయిన్నొక్క రాత్రులు’ అను కథాసంపుటిలో బీదజాలరి కథ యొకటి కలదు. మన అంతర్వేది పల్లెవారు వినదగిన కథ. దినమునకు నాలుగుసార్లకు మించి వల వేయరాదను నియమము గల జాలరి, నాలుగవసారి రాగిబిందె నొకదానిని పైకి లాగెను. మూత తీయగా పొగ లేచి, భూతమై నిలిచెను. చెరలో పడిన మొదటి వందయేండ్లలో విడిపించినవానికి భాగ్యమిత్తు ననుకొంటిననియు, ఎవరును రానందున పిమ్మట విడిపించినవానిని చంపుదునని ఒట్టు పెట్టుకొంటిననియు ఆ భూతము చెప్పెను. జాలరి భయపడియు బుద్ధిని విడువక, “ఇంత పెద్ద ఒడలు ఇంత చిన్న బిందెలో ఎట్లు పట్టెను?” అని యడిగెను. భూతము పట్టి చూపబోయి లోపల దూరగా, వాడు మూత బిగించెను. పరదేశపు కథలోను బీదవానిని బ్రదికించినది ప్రశ్నయే.

అల్లాఉద్దీను కథ చరిత్ర మరింత విచిత్రము. ఆంటువాను గాలాను అను ఫ్రెంచి పండితుడు వేయిన్నొక్క రాత్రులను 1704 మొదలు 1717 వరకు 12 సంపుటములుగా ప్రకటించెను. ఆయన యొద్దనున్న అరబ్బీ వ్రాతప్రతిలో అల్లాఉద్దీను లేడు. 1709లో సిరియాదేశపు అలెప్పో పట్టణమునుండి పారిసునకు వచ్చిన హన్నా దియాబు అను యువకుడు నోట చెప్పగా గాలాను విని ఆ కథను చేర్చెను. లోకమంతయు అరబ్బుల గ్రంథములోనిదని తలచు కథ, పొట్టచేత పట్టుకొని పరదేశము పోయిన పడుచువాని నోటినుండి వచ్చినది! అందు అల్లాఉద్దీను చీనాదేశపు కుర్రవాడు. వానికి దొరికినవి దీపపు భూతమొకటి, ఉంగరపు భూతమొకటి. కోరికలకు మూడను హద్దు ఆ కథలో లేదు. నేటి పిల్లలకు తెలిసిన ఆ నియమము తరువాతి చలనచిత్రముల వలన వ్యాపించినది.

మన కథలును అరబ్బుల కథలును ఎన్నడో చుట్టములైనవి. మన పంచతంత్రము 6వ శతాబ్దమున పారసీకుల పహ్లవీ భాషకును, 8వ శతాబ్దమున ఇబ్నుల్ ముకఫ్ఫా చేత అరబ్బీకిని పోయినది. కథలో కథను పొదుగు మన పద్ధతి వేయిన్నొక్క రాత్రులలో కనిపించుటకు భారతదేశపు ప్రభావమే కారణమని పండితులు పలువురు చెప్పుదురు. వారివైపునుండియు మనకు వచ్చినవి గలవు. గులేబకావళి కథను 1722లో ఇజ్జతుల్లా అను బెంగాలువాడు పారసీకమున వ్రాసెను; 1803లో నిహాల్‌చందు లాహోరీ ఉర్దూ చేసెను; 1962లో అది తెలుగు చలనచిత్రమయ్యెను. ఇచ్చిపుచ్చుకొను ఇండ్లమధ్య ఏది యెవరి సొత్తని లెక్క తీయుట కష్టము.

ఈ రెండు పాయలు తెలుగునేలమీద కలిసిన చోటు మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు. 1868లో పుట్టి 1928లో గతించిన ఆయన వీనిని 12 సంపుటములుగా రచించెను. మణిసిద్ధుడను యతి కాశీయాత్రకు తోడుగా ఒక పశులకాపరి కుర్రవానిని వెంటగొని పోవును. దారిలో కనబడిన వింతనెల్ల కుర్రవాడు అడుగవలెను, మజిలీలో అయ్యవారు చెప్పవలెను. చెప్పనిచో వాడు అడుగు కదల్పడు. కథ చెప్పించుకొను హక్కు చిన్నవానికి, చెప్పవలసిన బాధ్యత పెద్దవానికి. ఈ ఒడంబడికను మీరు మనసున నుంచుకొనుడు. తుదిని మరల వత్తును.

ఆ కథలనుండి ప్రేరణ పొందినదే 1951లో విజయా సంస్థవారు తీసిన పాతాళభైరవి. పింగళి నాగేంద్రరావుగారు రచించిరి, కె. వి. రెడ్డిగారు దర్శకులు. తోటరాముడు తోటమాలి కొడుకు. నేపాళమాంత్రికుడు వానిని దేవికి బలియీయ జూడగా, తుదకు మాంత్రికుడే బలియగుట బేతాళకథనుండి వచ్చినది. కోరినదెల్ల ఇచ్చు ప్రతిమ, మేడ లేచుట, దొంగిలింపబడుట, మరల సాధించుట, ఇవి అల్లాఉద్దీను కథనుండి వచ్చినవి. 1952లో మనదేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవములో ఆ చిత్రమును ప్రదర్శించిరి. అంతకుముందే, 1942లో బాలనాగమ్మ చిత్రము వచ్చినది. ఊళ్లలో బుర్రకథగాను ఆ కథను విననివారు లేరు. ఏడు సముద్రముల కావల చిలుకలో ప్రాణము దాచుకొన్న మాయల మరాఠీని తెగటార్చి తల్లిని విడిపించినవాడు బాలవర్ధిరాజు, పేరులోనే బాలుడు.

చందమామ 1947 జూలైలో పుట్టినది. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు స్థాపించిరి. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలు 1980 వరకు దానిని తీర్చిదిద్దిరి. బేతాళుని ప్రశ్నలు పాతవి 25 అయిపోయిన తరువాత క్రొత్తవి కల్పించి నెలనెలకు వేయించిరి. ఒక్కొక్క కథ తుదిని ఒక చిక్కు; ఎవరిది న్యాయము? ఎవరిది త్యాగము? నేను సంధిసూత్రము చెప్పుచుండగా నా శిష్యులు చదువుచుండినవి న్యాయశాస్త్రపు పాఠములని నాకు అప్పుడు తెలియలేదు. దాసరి సుబ్రహ్మణ్యంగారు తోకచుక్క, జ్వాలాద్వీపం, రాకాసిలోయ మొదలగు ధారావాహికలు వ్రాసిరి. వానిలో మాంత్రికులు, భూతములు, అడవులు, నిధులు నిండియుండును. నడచువారు మాత్రము సామాన్యులైన యువకులు. ఆ పత్రిక 2013 తరువాత వెలువడలేదు.

మన కోనసీమను మరచితినని తలపకుడు. అంతర్వేది స్థలపురాణములో హిరణ్యాక్షుని కొడుకు రక్తవిలోచనుడు కలడు. వాని రక్తము తడిసిన ఇసుక రేణువు లెన్నియో అందరు రాక్షసులు పుట్టునట్లు వరము. గోదావరి ఇసుకను నడచి యెరిగినవారికి ఆ వరముయొక్క భయంకరత్వమును వేరుగా చెప్పనక్కరలేదు. నరసింహస్వామి మాయాశక్తిచే రక్తము నేల తాకకుండ చేయించి, వానిని వధించెనని కథ.

మా బామ్మ చెప్పిన కథ యొకటి ఏ పుస్తకములోను నాకు ఆ రూపమున కనబడలేదు. పాలేరు కుర్రవానికి భూతము చిక్కెను. “పని చెప్పు, చెప్పకపోతే మింగేస్తాను” అనుట దాని షరతు. దుక్కి దున్నుమన్న క్షణములో దున్నెను. కాలువ పూడిక తీయుమన్న తీసెను. కుప్ప నూర్చుమన్న నూర్చెను. చెప్పుటకు పని లేక కుర్రవాడు వణకుచు తల్లియొద్దకు పరుగెత్తెను. ఆమె పెరటిలోని కొబ్బరిచెట్టును చూపి, “ఎక్కు, దిగు, మళ్లీ ఎక్కు; పనుంటే పిలుస్తాను” అని భూతమునకు చెప్పెను. ఈ కథనే కుక్కతోకను చక్కచేయుమనినట్లు చెప్పువారును ఉన్నారు. మన సీమకు వచ్చి భూతము కొబ్బరిచెట్టెక్కినది! యంత్రములన్నియు పని చేసిపెట్టుచు, మనిషికి ఏమి కోరవలెనో తోచక తిరుగుచున్న ఈ కాలమున, మా బామ్మ కథ నాకు తరచు జ్ఞప్తికి వచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. భూతకథ వేరు, భూతములున్నవను మూఢనమ్మకము వేరు. రాత్రివేళ చేల నడుమ వెలుగుచు కదలు కొరివిదెయ్యము, బురదనేలలలో కుళ్లిన పదార్థముల వాయువు వలన కలుగునదని శాస్త్రజ్ఞులు వివరింతురు. మన రాజోలులో 1948లో జన్మించిన యండమూరి వీరేంద్రనాథుగారు తులసిదళం నవలలో చేతబడిని వర్ణించినప్పుడు లక్షలమంది చదివిరి. ఇది నమ్మకములను పెంచునా యను వాదమును చెలరేగినది. ఆ వాదమున నేను తీర్పరిని కాను. కాని చేతబడి చేసిరను అనుమానముతో నిరపరాధులను, అందును ముసలివారిని, బీదలను, కొట్టుటయు చంపుటయు మన తెలుగునేలమీద జరిగినవి. అట్టిచోట కథ చచ్చిపోయి నమ్మకము దయ్యమగును. బేతాళకథలు విని పెరిగినవాడు ముందుగా అడుగును: “రుజువేమి? న్యాయమేమి?” అడుగుట మానినవాడు కర్ర పట్టుకొనును. కావున ఈ కథలు తీసివేయుటవలన మూఢత్వము పోదు. కథను కథగా వినుట నేర్పినచో పోవును.

గత వేసవిలో నా మనుమరాలు పట్టణమునుండి లావుపాటి ఇంగ్లీషు పుస్తకముతో వచ్చెను. దానికి పదునాలుగేండ్లు. అట్టమీద భూతము. నా నోటివరకు పాతమాట వచ్చెను, ఆపుకొని, ఏమి కథ యని యడిగితిని. అది 2003లో జోనథాన్ స్ట్రౌడ్ అను ఇంగ్లండుదేశపు రచయిత వ్రాసినది. బార్టిమీయసు అను జిన్నును లండనులోని మాంత్రికబాలు డొకడు మంత్రముచే కట్టి, ఒక తాయెత్తును దొంగిలించుకొని రమ్మని పంపును. కథలో చాలభాగము జిన్నే స్వయముగా చెప్పును. 2004లో పి. బి. కెర్ అను మరొకరు వ్రాసిన నవలలో కవలపిల్ల లిద్దరు తామే జిన్నుల వంశమువారమని తెలిసికొందురట. “తాతయ్యా, దీపంలో భూతాన్ని అందరూ పని అడిగారు గాని, నీకేం కావాలని ఎవరూ అడగలేదు. ఈ పుస్తకంలో అదే ఉంది” అని మనుమరాలు చెప్పెను.

నేను ఆశ్చర్యపడితిని. కట్టుబానిసగా పడియుండుట భూతమునకైనను తగునా యనునది బేతాళుడు వేయదగిన ప్రశ్న. వేయిన్నొక్క రాత్రులకు పుట్టని ప్రశ్న నేటి పిల్లల పుస్తకమునకు పుట్టినది. నేను దానికి ప్రతిష్ఠానపు శ్మశానమును, శవమును మోయు రాజును, పగులు తలను చెప్పితిని. రాత్రి పదకొండు దాటెను. “ఇది తెలుగులో ఎక్కడ దొరుకుతుంది?” అని యడిగెను. ఆ రోజున నా పెట్టె అడుగున దాచిన పాత చందమామలు తీసి యిచ్చితిని. భోగిమంట తరువాత, ప్రాయశ్చిత్తముగా, సంతలలోను పాతకాగితముల అంగళ్లలోను ఏరి కొన్నవి అవి. ఆ బాలునకు ఇయ్యవలెనని కొంటిని. వాడు పదవ తరగతి ముగించి ఊరు విడిచి పోయెను. మరల నా కంటబడలేదు.

పెద్దలారా! మనుమలు మనకు తెలియని పుస్తకములు చదువుచున్నారని విచారించువారము. వారు చదువు భూతము మనకు క్రొత్తది కాదు. గోదావరి ఒడ్డున చెట్టున వ్రేలాడిన మన బేతాళునకు దూరపు చుట్టము. దానిని వారి చేతినుండి లాగికొనవలదు. ఏమి కథ యని అడుగుడు. వారు చెప్పిన తరువాత మీ కథ చెప్పుడు. కాశీమజిలీ ఒడంబడిక ప్రకారము అడుగుట వారి హక్కు, చెప్పుట మన పని. ఊరి గ్రంథాలయమునకు పాత కథాసంపుటము లిచ్చువారుండిరేని ఇండు. మీ బామ్మలు చెప్పిన కథ ఏ పుస్తకములోను లేనిదైనచో, మనుమనిచేత నోటుపుస్తకములో వ్రాయింపుడు.

గుణాఢ్యుని ఏడు లక్షలలో లక్ష మిగిలినది. మనయొద్ద నేడెన్ని మిగిలియున్నవో లెక్క తెలియదు. తెలిసినవారు చెప్పకున్న తల పగులునని మాత్రము బేతాళుడు చెప్పియున్నాడు. సెలవు.